మనిషి దొరికాడని పిటిషన్ మూసేశారు, మరి మా ఖర్చు సంగతి?

గోదావరి జిల్లాల నుంచి ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. ఊరు, పేర్లు, స్టేషన్ వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమె భర్త ఎలక్ట్రీషియన్. అతను వైరింగ్ పని చేసిన ఒక ఇంట్లో బంగారం పోయిందట. ఒక సోమవారం రాత్రి మఫ్టీలో నలుగురు వచ్చి, "సార్ పిలుస్తున్నారు, ఒక మాట అడిగి పంపించేస్తాం" అని కారెక్కించుకుని వెళ్లారు. ఆ రాత్రే ఆమె 112కు ఫోన్ చేశారు. మంగళవారం స్టేషన్‌కి వెళ్తే "ఇక్కడెవరూ లేరు, వెళ్లమ్మా" అన్నారు. సాయంత్రం జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు పంపారు, మెయిల్ కూడా పెట్టించారు. బుధవారం విజయవాడలో లాయర్‌ని పట్టుకుంటే, గురువారం ఆయన, మనిషిని కోర్టుకు చూపించమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేశారు. శుక్రవారం ప్రభుత్వ న్యాయవాది వివరాలు తెలుసుకుని చెప్తామని గడువు అడిగారు. శనివారం ఉదయం బస్టాండ్ దగ్గర అనుమానంగా తిరుగుతుంటే పట్టుకున్నామని పోలీసులు అరెస్టు చూపించి, సాయంత్రం మెజిస్ట్రేట్ ముందు పెట్టి రిమాండ్‌కు పంపారు. సోమవారం హైకోర్టు, మనిషి ఇప్పుడు కోర్టు రిమాండ్‌లో ఉన్నాడు కాబట్టి ఇక విచారించాల్సింది లేదని, ఇతర న్యాయ మార్గాలు మీకు ఉన్నాయని చెప్పి పిటిషన్ మూసేసింది. ఖర్చుల విషయంలో ఎలాంటి ఉత్తర్వూ లేదన్నది చివరి వాక్యం.

తర్వాత మూడు వారాలకు బెయిల్ వచ్చింది. హైకోర్టు లాయర్‌కి, బెయిల్ లాయర్‌కి, తిరుగుళ్లకి కలిపి లక్షా నలభై వేలు అయింది. గాజులు, గొలుసు తాకట్టులో ఉన్నాయి. ఇది జరిగి నాలుగు నెలలు. పరిహారం కోసం మళ్లీ వేద్దామని లాయర్ అంటున్నారు. అందుకు డెబ్బై అయిదు వేలు ఇవ్వాలట, లేదంటే వచ్చిన దాంట్లో మూడో వంతు రాసివ్వాలట. స్టేషన్ తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, "గొడవ పెంచొద్దు, సంతకం పెడితే దొంగతనం కేసు కూడా తీసేయిస్తాం" అన్నాడు. అత్తగారు వదిలేయమంటున్నారు, తమ్ముడు వదలొద్దంటున్నాడు. భర్త ఏమీ మాట్లాడడు, రాత్రిళ్లు నిద్రపోడు. మేం కోర్టులో ఓడిపోయామా, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా, మళ్లీ కోర్టుకెళ్తే ఆయన్ని మళ్లీ ఎత్తుకెళ్తారా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు ఓడిపోలేదు. హెబియస్ కార్పస్ పిటిషన్ చేసే పని ఒకటే: ఈ మనిషి ఎక్కడున్నాడు, ఏ అధికారంతో పట్టుకున్నారు అని ప్రభుత్వాన్ని నిలదీసి అడగడం. మీరు వేసిన రెండు రోజులకే, అప్పటిదాకా "లేడు" అన్న మనిషి రికార్డులోకి వచ్చాడు. మెజిస్ట్రేట్ చూశారు, జైలు రిజిస్టర్‌లో పేరు ఎక్కింది. అప్పటివరకూ ఆయనకు ఏం జరిగినా అడిగే ఆధారం మీకు లేదు. ఆ పిటిషనే లేకపోతే ఆ శనివారం రావడానికి ఇంకెన్ని రోజులు పట్టేదో ఎవరికీ తెలియదు.

మెజిస్ట్రేట్ రిమాండ్‌కు పంపాక హెబియస్ కార్పస్ సాధారణంగా నిలవదు. 2018లో మహారాష్ట్రకు చెందిన తస్నీమ్ రిజ్వాన్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. రిమాండ్ తప్పనుకుంటే బెయిల్ అడగాలి, రిమాండ్‌ను వేరుగా సవాలు చేయాలి తప్ప హెబియస్ కార్పస్‌తో కాదు. మీ పిటిషన్ మూతపడింది అందుకు. సోమవారం రాత్రి నుంచి శనివారం దాకా ఆయన్ని ఉంచుకోవడం సక్రమమేనని హైకోర్టు ఎక్కడా అనలేదు. ఆ ప్రశ్నలోకే వెళ్లలేదు. రాజ్యాంగం 22వ అధికరణం, అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 58వ సెక్షన్ చెప్పేది ప్రయాణ సమయం పోను 24 గంటలే. ఆ గడువు మంగళవారం రాత్రికే దాటింది. శనివారం నాటి రిమాండ్ కాగితం అంతకుముందు జరిగినదాన్ని కడిగేయదు.

ఇక ఖర్చుల వాక్యం. అది చదివి మీకు చాలా కష్టం కలిగిందని ఉత్తరంలో తెలుస్తోంది. మన హైకోర్టుల్లో రిట్ (ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టులో వేసే మీ పిటిషన్ లాంటిది) ఉత్తర్వుల చివర ఆ వాక్యం దాదాపు అలవాటుగా వస్తుంది. గెలిచిన కేసుల్లోనూ ఉంటుంది. సివిల్ దావాలో గెలిచినవాళ్లకు ఓడినవాళ్లు ఖర్చులు ఇచ్చే పద్ధతి ఉంది, ఎంతవరకు అనేది కోర్టు చేతిలో ఉంటుంది. రిట్‌లలో ఆ అలవాటు బలంగా లేదు. కోర్టుకు ఖర్చులు వేసే అధికారం ఉన్నా, చాలా అరుదుగా వాడుతుంది. కాబట్టి ఆ వాక్యం మీ మీద తీర్పేమీ కాదు. ఆ పిటిషన్‌లోంచి లాయర్ ఫీజు వెనక్కి రాబట్టుకునే దారి మాత్రం ఇప్పుడు లేదనే చెప్పాలి. సుప్రీంకోర్టుకు వెళ్లడానికి 90 రోజుల గడువు కూడా దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు కానీ, హైకోర్టు మీకు వేరే మార్గాలు తెరిచే ఉంచింది కాబట్టి ఢిల్లీ ఖర్చు పెట్టుకోమని నేను చెప్పను.

అయితే మీరు వృథా అనుకుంటున్న ఆ డబ్బు మీకొక గట్టి సాక్ష్యాన్ని తెచ్చిపెట్టింది. మీ ఆయన్ని పోలీసులు పట్టుకెళ్లారని మీరు ప్రమాణ పత్రంతో (అఫిడవిట్) హైకోర్టులో గురువారమే చెప్పారు. పోలీసులేమో శనివారం ఉదయం బస్టాండ్‌లో పట్టుకున్నామంటున్నారు. ఇంకా జరగని అరెస్టు గురించి మీరు రెండు రోజుల ముందే కోర్టుకు ఎలా చెప్పగలిగారు? సోమవారం రాత్రి 112 కాల్, మంగళవారం రిజిస్టర్డ్ పోస్టు రసీదు, మెయిల్, గురువారం పిటిషన్ నంబరు, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే బస్టాండ్ కథ నిలబడటం కష్టం. పూర్వం ఇలాంటప్పుడు పోస్టాఫీసుకు పరుగెత్తి కలెక్టర్‌కి, ప్రధాన న్యాయమూర్తికి టెలిగ్రాం ఇచ్చేవారు, దాని మీద తేదీ, టైము పడతాయి కాబట్టి. 2013లో టెలిగ్రాం ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే మీరు మెయిల్‌తో, రసీదుతో అదే పని చేశారు.

ఈ కాగితాలు ముందుగా అక్కరకొచ్చేది పరిహారానికి కాదు, మీ ఆయన మీద ఉన్న దొంగతనం కేసుకి. బస్టాండ్‌లో పట్టుకుంటే నేరం ఒప్పుకున్నాడని, తానే తీసుకెళ్లి నగలు చూపించాడని మధ్యవర్తుల సమక్షంలో రాసుకుని ఉంటారు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు, ఆ మాట వల్ల దొరికిన వస్తువు మేరకే పనికొస్తుంది. ఆ మనిషి నాలుగు రోజుల ముందు నుంచే వాళ్ల చేతిలో ఉన్నాడని తేలితే ఆ రికవరీ మీదే అనుమానం వస్తుంది. కాబట్టి హైకోర్టు పిటిషన్ నకలు, అఫిడవిట్, ఉత్తర్వు, మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు తీసి కింది కోర్టులో వాదించే లాయర్‌కి ఇవ్వండి. అవి ఆయన దగ్గర లేకపోవడం చాలా కేసుల్లో జరిగేదే. పై కోర్టు లాయర్ వేరు, కింది కోర్టు లాయర్ వేరు, మధ్యలో కాగితాలు ఎవరూ మోయరు.

మీ ఆయన నిర్ణయం ఏదైనా సరే, సాక్ష్యం కాపాడే పనులు ఈ వారమే చేయండి. వీటివల్ల మీరు ఎవరి మీదా కేసు వేసినట్టు కాదు. పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగ్‌ను 18 నెలలు, అంత సామర్థ్యం లేని చోట కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కెమెరా పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ అధికారిదే. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫుటేజీని చెరిపేయకుండా భద్రపరచండి అని ఎస్పీకి రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మీ ఆయన్ని స్టేషన్‌లో కాకుండా ఇంకెక్కడో ఉంచారనుకున్నా, మంగళవారం మీరు అక్కడికి వెళ్లి నిలబడటమైనా కెమెరాలో ఉంటుంది. ఫుటేజీ లేదని జవాబొస్తే ఆ జవాబు కూడా దాచుకోండి.

మెజిస్ట్రేట్ కోర్టులో రిమాండ్ రిపోర్టు, అరెస్టు మెమో నకళ్లు అడగండి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లు గానీ ఆ ప్రాంతంలో పరువున్నవాళ్లు గానీ సాక్షిగా సంతకం చేయాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమం ఇది, ఇప్పుడు సురక్షా సంహిత 36వ సెక్షన్‌లోనే ఉంది. ఎవరు సంతకం చేశారో, టైము ఎంత రాశారో చూడండి. రిమాండ్‌కు ముందు చేసిన వైద్య పరీక్ష సర్టిఫికెట్, జైల్లో చేర్చుకున్నప్పుడు ఒంటిమీద దెబ్బల గురించి రాసుకున్న నోటు కూడా కావాలి. ఆయన్ని కొట్టారని, ఆయన భయపడి మెజిస్ట్రేట్ ముందు ఏమీ చెప్పలేదని మీరు రాశారు. అవతలి పక్షం దాన్ని తప్పకుండా వాడుకుంటుంది. వైద్య కాగితాలు బలంగా ఉంటే మాత్రం ఆ మౌనం ఒక్కటే మీ మాటను పడగొట్టలేదు. పోలీసుల మధ్య నిలబడ్డ మనిషి నోరు విప్పకపోవడానికి కారణం జడ్జీలకూ తెలుసు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. అన్నిటికంటే తక్కువ ఖర్చుది మానవ హక్కుల కమిషన్. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాష్ట్ర కమిషన్‌కైనా జాతీయ కమిషన్‌కైనా వెళ్లవచ్చు, కానీ ఒకచోట నడుస్తుండగా రెండోచోట తీసుకోరు, ముందే ఎంచుకోండి. కమిషన్ నివేదిక తెప్పించుకుంటుంది, పరిహారం ఇవ్వమనీ అధికారి మీద చర్య తీసుకోమనీ సిఫారసు చేస్తుంది. అది సిఫారసే. ప్రభుత్వం కదలకపోతే మళ్లీ కోర్టుకే వెళ్లాలి. చాలాసార్లు విచారణ అదే జిల్లా పోలీసుల చేతికే వస్తుంది, అదీ గుర్తుంచుకోండి. అయినా అధికారిక విచారణ ఒకటి మొదలవుతుంది, కొన్ని కాగితాలు బయటికొస్తాయి.

రెండోది మీ లాయర్ చెప్తున్నది, రాజ్యాంగం 226వ అధికరణం కింద పరిహారం కోసం హైకోర్టులో కొత్త రిట్. ఇది గాలిలో మాట కాదు. 1983లో రుదుల్ షా కేసు వచ్చింది. నిర్దోషి అని తేలాక కూడా బీహార్ జైల్లో 14 ఏళ్లు పడి ఉన్న మనిషి అతను. హెబియస్ కార్పస్ విచారణకు వచ్చేసరికి విడుదలయ్యాడు. అంతటితో ముగించకుండా సుప్రీంకోర్టు, అంతకుముందు ఇచ్చిన 5 వేలు కాక మరో 30 వేలు ఇవ్వమంది. మీ కేసుకు ఇంకా దగ్గరగా ఉండేది 1985 నాటి భీమ్ సింగ్ కేసు. జమ్మూ కశ్మీర్ ఎమ్మెల్యే అయిన ఆయన్ని అసెంబ్లీకి వెళ్తుంటే దారిలో అరెస్టు చేసి, మెజిస్ట్రేట్ ముందుకు తేకుండానే రిమాండ్ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. కోర్టుకెక్కింది ఆయన భార్య జయమాల. తీర్పు వచ్చేనాటికి ఆయన బయటే ఉన్నాడు, విడిచిపెట్టమని చెప్పాల్సిన అవసరం లేదు. అయినా మన తెలుగువారైన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం, బయటికొచ్చాడు కదా అని ఆ అన్యాయం మాసిపోదని చెప్పి 50 వేలు ఇప్పించింది. హెబియస్ కార్పస్‌లో ఖర్చుల పేరుతోనే పెద్ద మొత్తం వేసిన సందర్భమూ ఒకటుంది. మణిపూర్‌లో సైన్యం తీసుకెళ్లిన ఇద్దరిని కోర్టు ముందుకు తేలేకపోయినందుకు 1984లో సెబాస్టియన్ హోంగ్రే కేసులో వాళ్ల భార్యలకు చెరో లక్ష ఇవ్వమన్నారు. అది కోర్టు ఆదేశాన్ని పాటించనందుకు వేసిన మొత్తం. మీ విషయంలో మనిషిని చూపించేశారు కాబట్టి ఆ కేసు అలాగే అతకదు, భీమ్ సింగ్ కేసు అతుకుతుంది.

ఆ రోజుల్లో 50 వేలంటే చిన్న మొత్తం కాదు. ఇప్పుడు మీకు ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇంత గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మకండి. రిట్‌లో పరిహారం రావాలంటే హక్కుల భంగం కళ్లకు కట్టినట్టు ఉండాలి. 2006లో సుబే సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది: భంగం స్పష్టంగా, కాదనలేనట్టుగా ఉందా, మనస్సాక్షిని కదిలించేంత తీవ్రమైనదా, కొట్టారన్న ఆరోపణకు వైద్య నివేదిక గానీ కనిపించే గాయాలు గానీ ఉన్నాయా? ఆధారం లేకుండా మాట మీద మాట ఉంటే రిట్ కోర్టు తేల్చదు, సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. నా అంచనా అడిగితే, అన్ని రోజులు అక్రమంగా ఉంచుకున్నారన్న భాగంలో తేదీల వల్ల మీ కేసు బలంగా ఉంది. కొట్టారన్న భాగం వైద్య కాగితాల మీద ఆధారపడుతుంది. అఫిడవిట్‌లో మీకు నేరుగా తెలిసిందే రాయించండి. కేసు గట్టిగా ఉండాలని ఎవరైనా రెండు ఆరోపణలు ఎక్కువ రాస్తానంటే ఒప్పుకోవద్దు. నిజాయితీగా వచ్చి ఓడినవాళ్ల మీద కోర్టు ఖర్చులు వేయడం అరుదు. అబద్ధం చెప్పారనిపిస్తే మాత్రం వేస్తుంది. రిట్‌కు నికరమైన గడువు లేకపోయినా ఆలస్యాన్ని అడుగుతారు, ఏడాది రెండేళ్లు నానబెట్టడం మంచిది కాదు.

మూడోది సివిల్ కోర్టులో నష్టపరిహార దావా. లాయర్ ఫీజు, పోయిన కూలి, తాకట్టు వడ్డీ, పడ్డ బాధ, ఇవన్నీ లెక్కేసి విడివిడిగా అడగగలిగేది ఇక్కడే. సాక్షుల్ని పిలవవచ్చు, ఎస్సైని బోనులో నిలబెట్టి ప్రశ్నించవచ్చు. గెలిస్తే కోర్టు ఖర్చులూ రావచ్చు. కానీ ఏళ్లు పడుతుంది. ప్రభుత్వం మీద వేసేముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం గడువు: అక్రమ నిర్బంధానికి పరిహారం అడిగే దావా, ఆ నిర్బంధం ముగిసిన ఏడాదిలోపు వేయాలి. ఎప్పుడు ముగిసినట్టు? బెయిల్ మీద బయటికొచ్చిన రోజు అనుకుంటారు చాలామంది. మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో జైలుకెళ్లాక దాన్ని పోలీసుల అక్రమ నిర్బంధం అనడం కష్టం. కాబట్టి రిమాండ్ అయిన ఆ శనివారం నుంచే ఏడాది లెక్కపెట్టుకోండి. నోటీసు కాలాన్ని ఏడాదిలోంచి మినహాయిస్తారు గానీ, దాన్ని నమ్ముకుని చివరిదాకా ఆగొద్దు.

ప్రభుత్వం మీద దావా వేస్తే సార్వభౌమాధికారం అనే పాత వాదన తెస్తారు, పోలీసు పని ప్రభుత్వ విధి కాబట్టి నష్టం కట్టక్కర్లేదని. దానికి జవాబు మన నేల మీదే ఉంది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. ప్రాణహాని ఉందని ముందే చెప్పినా రక్షణ పెట్టలేదు. అతని కొడుకు, తనూ ఆ దాడిలో గాయపడ్డవాడు, ప్రభుత్వం మీద దావా వేస్తే 2000లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జీవించే హక్కుకు భంగం కలిగినచోట సార్వభౌమాధికారం అడ్డు పెట్టుకోలేరని ఆ చల్లా రామకృష్ణారెడ్డి కేసులో కోర్టు తేల్చింది. ఘటనకీ ఆ తీర్పుకీ మధ్య 23 ఏళ్లు. ఈ దారి ఎంత పొడవుంటుందో మీకు తెలియాలనే ఆ లెక్క చెప్తున్నాను.

అధికారుల మీదే క్రిమినల్ కేసు పెట్టడం ఇంకో మార్గం. అక్రమ నిర్బంధం, నేరాలు శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. చట్టవిరుద్ధమని తెలిసీ అధికారాన్ని వాడి నిర్బంధిస్తే 258 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కానీ ప్రభుత్వ ఉద్యోగి మీద కోర్టు ముందుకెళ్లాలంటే అనుమతి కావాలనే వాదన వస్తుంది, పై అధికారి నివేదిక తెప్పిస్తారు, ప్రతి అడుగూ పోరాటమే. డబ్బు దీనిలో రాదు. అన్నిటికంటే బరువైన దారి, మీ ఆయన మనసు కుదుటపడకుండా మొదలుపెట్టమని మాత్రం చెప్పను. ఇంకో మాట, కారణం లేకుండా అరెస్టు చేయించినందుకు పరిహారమని సురక్షా సంహితలో 399వ సెక్షన్ ఉంది. అది వెయ్యి రూపాయలకు మించదు, కట్టాల్సింది కూడా అరెస్టు చేయించిన వ్యక్తి. దాన్ని చూపించి ఎవరైనా ఫీజు అడిగితే వద్దనండి.

పెద్దమనిషి తెచ్చిన మాట గురించి. వదిలేయడం తప్పు కాదమ్మా, అది మీ కుటుంబం హక్కు. కానీ సంతకం వేరు. "మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఆయన్ని శనివారమే తీసుకెళ్లారు" అన్న అర్థం వచ్చే కాగితం మీద సంతకం పెడితే, రేపు దొంగతనం కేసులో మీ ఆయనకున్న గట్టి ఆధారాన్ని మీ చేతులతో మీరే తీసేసినట్టు. పైగా ఎఫ్ఐఆర్ నమోదై రిమాండ్ అయిన కేసు ఒక ఎస్సై తీసేస్తానంటే పోదు. మామూలు దొంగతనం కేసులో రాజీ పడాల్సింది వస్తువు పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో దొంగతనం సెక్షన్ పెడితే ఆ రాజీ కూడా చట్టంలో నేరుగా లేదు. నగల యజమానితో మాట్లాడాల్సి వస్తే మీ లాయర్ ద్వారా మాట్లాడండి.

మళ్లీ ఎత్తుకెళ్తారేమో అన్న మీ భయం తీసిపారేసేది కాదు. పూర్తి హామీ నేనివ్వలేను. కోర్టులో గానీ కమిషన్‌లో గానీ ఫిర్యాదు రికార్డయి ఉన్న మనిషిని మళ్లీ చెప్పకుండా తీసుకెళ్లడం వాళ్లకు అంత తేలిక కాదు. ఫోన్‌లో స్టేషన్‌కి రమ్మంటే రాతపూర్వక నోటీసు అడగండి, నోటీసు వస్తే లాయర్‌కి చెప్పి ఆయన్ని తప్పకుండా హాజరవ్వమనండి, వెళ్లకపోతే అదే కొత్త సాకు అవుతుంది. మిమ్మల్ని సాక్షిగా ప్రశ్నించాలంటే వాళ్లే మీ ఇంటికి రావాలి, ఆడవాళ్లను స్టేషన్‌కి రప్పించకూడదని సురక్షా సంహిత 179వ సెక్షన్ చెప్తోంది. ఇది మీ అత్తగారికి కూడా చెప్పండి, ఆవిడ భయం కొంత తగ్గుతుంది.

ఇవన్నీ ఒకెత్తు, మీ ఆయన మౌనం ఒకెత్తు. మీరు, మీ తమ్ముడు, అత్తగారు, లాయర్, అందరూ మాట్లాడుతున్నారు. ఆ అయిదు రోజులు గడిపిన మనిషి ఒక్కడే మాట్లాడటం లేదు. పై దారుల్లో కమిషన్ ఫిర్యాదు మీరు వేయవచ్చు. రిట్ గానీ దావా గానీ నిలబడాలంటే ఆయన తన నోటితో, తన అఫిడవిట్‌తో జరిగింది చెప్పాలి, దావా అయితే అవతలి లాయర్ అడ్డు ప్రశ్నలు కూడా తట్టుకోవాలి. ఆయన్ని తోయొద్దు. మీ తమ్ముడి కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ కోపం భారం మోయాల్సింది బావగారు. నిద్ర పట్టకపోవడం, ఎవరితో మాట్లాడకపోవడం ఇంతకాలం ఉందంటే డాక్టర్‌కి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు అడగకుండా మాట్లాడతారు. డాక్టర్ రాసే చీటీలు తర్వాత కేసులో ఆధారమవుతాయి కూడా, కానీ అందుకోసం కాదు, ఆయన కోసం తీసుకెళ్లండి. ఆయన వద్దంటే, సాక్ష్యం భద్రపరిచి, కమిషన్‌కు ఒక ఫిర్యాదు పంపి, దొంగతనం కేసు మీద దృష్టి పెట్టడం గౌరవమైన నిర్ణయమే. ఆ కేసు కొట్టేస్తే, కక్షతో అన్యాయంగా కేసు నడిపారని పరిహారం అడగడానికి అప్పట్నుంచి మరో ఏడాది గడువు వేరుగా ఉంటుంది.

చివరికి లాయర్ ఫీజు. వచ్చిన దాంట్లో మూడో వంతు అన్న ఒప్పందం మన దేశంలో లాయర్లకు నిషిద్ధం, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. డెబ్బై అయిదు వేలు కూడా ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఉంది. హెబియస్ కార్పస్ కూడా మీ పేరుతో హైకోర్టు న్యాయ సేవల కమిటీ ద్వారా ఖర్చు లేకుండా వేయించుకోవచ్చు. ఈ మాట ఆ బుధవారం మీకెవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. ఇలాంటి కష్టంలో ఈరోజే ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి.

మీ విషయంలో మీరు పిటిషనర్‌గా ఉండే కేసుకు ఇప్పటికీ ఆ సహాయం దొరుకుతుంది. మీ ఆయన పేరుతో వేయాల్సి వస్తే ఆదాయ పరిమితి చూస్తారు. కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు కూడా ఆ సహాయంలోనే వస్తాయి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హైకోర్టు ఉత్తర్వు, పిటిషన్ నకలు, పోస్టు రసీదు, 112 కాల్ కనిపించే ఫోన్, ఇప్పటిదాకా ఇచ్చిన ఫీజుల రసీదులు పట్టుకుని వెళ్లండి. హైకోర్టు లాయర్ రసీదు ఇవ్వలేదని రాశారు. ఇప్పుడైనా అడిగి తీసుకోండి, బ్యాంకు ద్వారా పంపినదుంటే స్టేట్‌మెంట్ తీయించండి. రేపు దావాలో ఆ లక్షా నలభై వేలు అడగాలంటే రుజువు అదే.